మోతకూ ఒక పైకప్పు ఉంది

ఉపగ్రహాన్ని పైకి పంపేముందు వేడిలో పెడతారు, చలిలో పెడతారు, షేకర్ మీద కుదుపుతారు. ఇవన్నీ పత్రికల్లో అప్పుడప్పుడూ వస్తుంటాయి. నేను చేసిన పని గురించి పెద్దగా ఎవరూ రాయరు. బెంగళూరులో ఒక కాంక్రీటు గదిలో ఉపగ్రహాన్ని పెట్టి, తలుపులు బిగించి, దానిమీద మోత వదలడం నా ఉద్యోగం. "ఇంజనీరునని చెప్పుకుంటావు, తీరా చేసేది డీజే పనా అల్లుడూ?" అని మా మేనమామ ఆటపట్టించేవాడు. ఒకరకంగా నిజమే. కాకపోతే మా శ్రోతకు చెవులుండవు.

ఈ పరీక్ష ఎందుకంటే, శ్రీహరికోటలో రాకెట్ లేచేటప్పుడు సూళ్లూరుపేట వైపు నుంచి చూసేవాళ్లకు ముందు మంట కనబడుతుంది. మోత కిలోమీటరుకు మూడు సెకన్ల చొప్పున ఆలస్యంగా వస్తుంది. అంతదూరం వచ్చేసరికి అది గుండెల్లో అదిరే ఉరుము, అంతే. రాకెట్ ముక్కులో కూర్చున్న ఉపగ్రహానికి ఆ దూరం లేదు. ఇంజన్ల హోరు లాంచ్‌ప్యాడ్‌కు కొట్టుకుని పైకి ఎగదన్నుతుంది, ముక్కు గోడల్లోంచి లోపలికి చొరబడుతుంది. రాకెట్ ధ్వని వేగాన్ని దాటాక ఇంజన్ల మోత దాన్ని అందుకోలేదు. ఇంకా పైకి పోతే మోతను మోసే గాలే ఉండదు. మొత్తం ఒకటి రెండు నిమిషాల వ్యవహారం. కానీ ఆ కాస్త సేపట్లో ఊడిన స్క్రూను తర్వాత బిగించే నాథుడు ఉండడు.

అంత మోత మామూలు స్పీకర్లతో పుట్టదు. ఇలాంటి గదుల్లో నైట్రోజన్ వాయువును ఒత్తిడితో పంపి, సెకనుకు వందలసార్లు తెరుచుకుని మూసుకునే కవాటాలతో దాన్ని తుంచి, పెద్ద పెద్ద హార్న్‌ల గుండా గదిలోకి వదులుతారు. నెదర్లాండ్స్‌లోని నార్ట్‌వైక్‌లో యూరప్ అంతరిక్ష సంస్థ గది 154 డెసిబెల్స్ దాటుతుంది. అమెరికాలో ఒహాయోలోని నాసా గది 163 దాకా వెళ్తుంది. పరీక్ష అయిపోగానే తలుపు తీసి పరుగెత్తడానికి వీల్లేదు. లోపలంతా నైట్రోజనే కాబట్టి, గాలి మార్చి, మీటరులో ఆక్సిజన్ ఎంతుందో చూసుకున్నాకే అడుగు పెట్టాలి.

కొత్తగా చేరిన పిల్లలకు మొదట ఒక నిచ్చెన నేర్పేవాణ్ణి. 94 డెసిబెల్స్ అంటే 1 పాస్కల్ ఒత్తిడి. 20 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఒత్తిడి పది రెట్లు. 114కు 10 పాస్కల్స్, 134కు 100, 154కు 1,000. వెయ్యి పాస్కల్స్ అంటే చదరపు మీటరు పలక మీద దాదాపు వంద కిలోల బరువు. ఆ బరువు ఒకచోట కూర్చోదు, సెకనుకు వందలసార్లు తోస్తుంది, లాగుతుంది. అందుకే బరువైన బ్యాటరీ పెట్టె దీన్ని పెద్దగా లెక్కచేయదు. తేలికగా, వెడల్పుగా ఉండే సోలార్ ప్యానెళ్లు, యాంటెన్నా పళ్లేలే అల్లాడిపోతాయి.

పరీక్ష ఒక్కసారి చేసేది కాదు. ముందు తక్కువ మోత, తర్వాత పూర్తి మోత ఒక నిమిషం, మళ్లీ మొదటి తక్కువ మోతే. ఉపగ్రహం ఒళ్లంతా అంటించిన యాక్సిలరోమీటర్లు ఏ భాగం ఏ పౌనఃపున్యం దగ్గర ఎంత ఊగిందో గీసిస్తాయి. మొదటి గ్రాఫు, చివరి గ్రాఫు ఒకదానిమీద ఒకటి పెడితే అతికినట్టు సరిపోవాలి. ఒకసారి ప్యానెల్ అంచున అంటించిన మీటరు గీతలో శిఖరం కొద్దిగా ఎడమకు జరిగింది. కంటికి కనిపించే నష్టమేమీ లేదు. శిఖరం ఎడమకు జరిగిందంటే పట్టు సడలిందని అర్థం. విప్పి చూస్తే బిగింపు దగ్గర ఒక బోల్టు వదులైంది. బిగించి, పరీక్ష మళ్లీ మొదటి నుంచి చేశాం.

"సార్, 154 కాకుండా 250 పెట్టి చూస్తే?" అని ఒక కుర్రాడు అడిగాడు. "పెట్టడానికి గాలి చాలాలి కదా నాయనా!" అన్నాను. నిచ్చెన ఇంకో రెండు మెట్లు ఎక్కితే 174కు 10,000 పాస్కల్స్, 194కు లక్ష. మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి కూడా సుమారు లక్ష పాస్కల్సే. ధ్వని అంటే ఆ ఒత్తిడి కాస్త పెరగడం, అంతే తగ్గడం. పెరగడానికి హద్దు లేకపోవచ్చు. తగ్గడం మాత్రం శూన్యం దగ్గర ఆగిపోవాలి. అందుకే ఈ గాలిలో మామూలు ధ్వనికి 194 దగ్గర పైకప్పు. ఆపైన పుట్టేది పేలుడు తరంగం, దాని దారి వేరు. 1883 ఆగస్టు 27న క్రాకటోవా అగ్నిపర్వతం పేలినప్పుడు 4,800 కిలోమీటర్ల దూరంలోని రోడ్రిగ్స్ దీవిలో ఫిరంగులు పేలుతున్నాయనుకున్నారు. ఆ ఒత్తిడి అల భూమిని పలుమార్లు చుట్టింది, దేశదేశాల భారమితులు దాన్ని నమోదు చేశాయి.

చంద్రుడి మీదికి వెళ్లిన సాటర్న్-5 మోతకు కాంక్రీటు కరిగిందని ఇప్పటికీ ప్రచారం ఉంది. అది వట్టిమాట. దాని లెక్కగా చెప్పే 203 డెసిబెల్స్ రాకెట్ వెదజల్లిన మొత్తం ధ్వని శక్తిది, ఒకచోట నిలబడినవాడి చెవికి తగిలే ఒత్తిడిది కాదు. రెండింటికీ డెసిబెల్ అనే పేరు ఉండటంతో వచ్చిన తంటా ఇది. ఎక్కడ, ఎంత దూరంలో కొలిచారో చెప్పని డెసిబెల్ అంకెను నేనైతే నమ్మను. అలాగని మోతకు బలం లేదనీ కాదు. 1981లో కొలంబియా షటిల్ మొదటిసారి లేచినప్పుడు బూస్టర్లు రాజుకున్న ఒత్తిడి అల అనుకున్నదానికంటే గట్టిగా తగిలింది, కొన్ని టైల్స్ ఊడాయి. తర్వాతి ప్రయోగానికల్లా బూస్టర్ల కింద నీళ్ల ఏర్పాటు పెంచారు. నీటిని తుంపరగా, ఆవిరిగా మార్చడంలో ఆ మోత బలం చాలావరకు ఖర్చయిపోతుంది.

ఇన్నేళ్లు ఇంత మోతతో పనిచేసినవాడిగా చివరకు చెప్పేది నిచ్చెన అడుగు మెట్టు గురించే. శబ్దం మధ్య పనిచేసేవారికి అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సూచించిన పరిమితి 85 డెసిబెల్స్‌కు ఎనిమిది గంటలు. ఆపైన 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా సమయం సగమవుతుంది. ఆ లెక్కన 94కు రోజుకు ఒక గంట, 100కు పావుగంట. అంటే వాతావరణ ఒత్తిడిలో లక్షో వంతును కూడా మన చెవి గంటకు మించి భరించకూడదు. ఉపగ్రహంలో సడలిన బోల్టును బిగించాం. లోపలి చెవిలో చచ్చిన రోమకణాలు మళ్లీ మొలవవు. పెళ్లి ఊరేగింపులో, నిమజ్జనంలో డీజే బాక్సులకు ఆనుకుని పిల్లల్ని నిలబెట్టకండి. ఆరుబయట దూరం రెట్టింపైతే దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతాయి. నాలుగు అడుగులు వెనక్కి వేయడానికి ఖర్చేమీ కాదు.