రియాద్‌లో శుక్రవారం భోజనాలు

ఎండలు తగ్గుముఖం పట్టాయి. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదన్న నిబంధన గడువు ఎప్పుడో తీరింది, బతుకమ్మ కూడా వెళ్ళిపోయింది. ఇక సౌదీ కుటుంబాలు ఆరుబయట తినే కాలం. ఊరి బయట ఇసుకలో చాపలు పరిచి, నిప్పు రాజేసి, అర్ధరాత్రి దాకా చాయ్‌లు, కబుర్లు. పిల్లలు ఎన్నింటికి పడుకుంటారని ఎవరూ అడగరు. ఈ ఒక్క స్థానిక ఆచారం మాత్రం మన పిల్లలకి ఎవరూ నేర్పకుండానే వచ్చేసింది.

ఎక్కడ తిన్నా వారానికి అసలు భోజనం శుక్రవారం మధ్యాహ్నానిదే. ఇటలీలో ఆదివారం అమ్మమ్మ ఇంటికి చేరినట్టే, ఇక్కడ జుమా నమాజు కాగానే కొడుకులు, కోడళ్ళు, మనవలు పెద్దవాళ్ళ ఇంటికి చేరతారు. నేలమీద సుఫ్రా పరిచి, మధ్యలో పెద్ద పళ్ళెం నిండా కబ్సా: మసాలా అన్నం, పైన మాంసం, ఎండు నిమ్మకాయ పులుపు. కుడిచేత్తో, ఎవరి ముందున్నది వాళ్ళు తినాలి. అవతలివైపు చెయ్యి పోకూడదు. పోనక్కర్లేదు కూడా. మంచి ముక్కలన్నీ ఇంటాయన ఏరి అతిథి ముందుకే తోస్తాడు. చాలంటే ఇంకోటి పడుతుంది. కొసరి కొసరి వడ్డించడంలో గోదావరి జిల్లాల వాళ్ళకి ఇన్నాళ్ళకి పోటీ దొరికింది!

అన్నట్టు, గహ్వా, అంటే అరబ్ కాఫీ, సంగతి కొత్తగా వచ్చినవాళ్ళకి ముందే చెప్పండి. యాలకుల వాసనతో, పంచదార లేకుండా, పిడిలేని బుల్లి ఫింజాన్‌లో అడుగునే పోస్తారు, పక్కన ఖర్జూరాలు. కప్పు ఖాళీ అయితే మళ్ళీ పోస్తారు. చాలనుకుంటే కప్పుని అటూ ఇటూ కాస్త ఆడించి ఇచ్చేయాలి. మొహమాటపడి ఊరుకుంటే ఆ రాత్రికి నిద్ర ఉండదు. 2015లో యునెస్కో జాబితాకెక్కిన మర్యాద మరి, ఊరికే వదుల్తుందా?

ఆ తర్వాత సాంబ్రాణిలా బుఖూర్ పొగ తిప్పారంటే ఇక లేవాలని అర్థం. మనవాళ్ళు లేస్తారు గానీ, గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ ఇంకో గంట మాట్లాడతారు.

ఇక జరీష్. నలగ్గొట్టిన గోధుమల్ని పెరుగుతో మెత్తగా ఉడికించి పైన వేయించిన ఉల్లిపాయలు వేస్తారు. 2023 మొదట్లో దీన్నే జాతీయ వంటకంగా ప్రకటించారు. తిన్న మన ఆడవాళ్ళ తీర్పు ఒక్కటే: బాగుంది, తాలింపు మరిచిపోయారు.

చలి ముదిరాక రియాద్ ఉన్న నజ్ద్ ప్రాంతపు ఇళ్ళలో పొద్దున్నే హునైనీ చేస్తారు. గోధుమ రొట్టె, ఖర్జూరం, నెయ్యి కలిపి వేడివేడిగా మెదపడమే. కరీంనగర్ వాళ్ళకి పరిచయం అక్కర్లేదు, సద్దుల బతుకమ్మ మలీదకి ఖర్జూరం తోడైనట్టుంటుంది.

రియాద్ బత్తా బజారులో శుక్రవారం సాయంత్రం మాత్రం వేరే లోకం. వారాంతపు సెలవులు 2013 జూన్‌లో శుక్ర, శనివారాలకి మారాయి గానీ, మన కూలి తమ్ముళ్ళలో చాలామందికి దక్కేది శుక్రవారం ఒక్కటే. జగిత్యాల, నిజామాబాద్ ఊళ్ళ కబుర్లన్నీ అక్కడే, ఆ సందుల్లోనే. రూముల్లో వంట వంతులు మామూలే: ఒకరు కూర, ఒకరు అన్నం, ఒకరు గిన్నెలు. వంతుగాడు ఎగ్గొడితే కుబ్బూస్ రొట్టె, పప్పు. సెలవు మీద ఊరికెళ్ళొచ్చినవాడి పెట్టె తెరిచేటప్పుడు మటుకు అందరూ హాజరు. మామిడికాయ పచ్చడి డబ్బా వారం నిలిస్తే గొప్పే.

అన్నట్టు, కార్తీకం వస్తోంది. వనభోజనాలకి ఇస్తిరాహాలు (అద్దెకిచ్చే విడిది ఇళ్ళు) ఇప్పుడే మాట్లాడుకోండి, శుక్రవారాలకి గిరాకీ ఎక్కువ. ఉసిరిచెట్టు లేదని బెంగ వద్దు. ఖర్జూరపు చెట్టు నీడలో, నిల్వ ఉసిరి పచ్చడి సీసా మధ్యలో పెట్టుకుని కూర్చునే వాళ్ళకి పుణ్యం ఏమీ తగ్గినట్టు లేదు. పులిహోర ఎవరు తెస్తున్నారో మాత్రం ముందే తేల్చుకోండి, లేకపోతే అందరూ పులిహోరే తెస్తారు.