ధ్రువతీరమున మన జొన్నగింజ

మా తెల్లాపూరునకు కొలది మైళ్ల దూరమున పటాన్‌చెరువు కలదు. అచట 1972వ సంవత్సరమున స్థాపింపబడిన ఇక్రిశాట్ అను అంతర్జాతీయ సంస్థ జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ మున్నగు మెట్టపంటల విత్తనములను దేశదేశములనుండి సేకరించి కాపాడుచున్నది. ఆ విత్తనములలో లక్షకు పైబడిన రకములకు మాఱుప్రతులు ఉత్తరధ్రువమున కనతిదూరమునందలి స్వాల్‌బార్డ్ ద్వీపములలో నొక కొండ గర్భమున దాచబడియున్నవని మావారు చెప్పగా మా యత్తగారు, "మన జొన్నలు మంచుకొండకు కాపురమునకు పోయినవా?" యని నవ్విరి. ఆ మాటయే మా ప్రయాణమునకు మూలము.

జూలై మాసమున మేమిరువురము ఓస్లో నగరము చేరి, యచటినుండి మూడు గంటలు విమానమున నుత్తరమునకు పోయితిమి. స్వాల్‌బార్డ్ నార్వే యేలుబడిలోనిదైనను షెంగెన్ దేశములలో చేరదు. కావున తిరిగి వచ్చుటకు రెండుమారులు ప్రవేశింపగల వీసా యుండవలెను. వెళ్లదలచు సోదరీమణులు దీనిని మఱవరాదు.

లాంగ్‌యియర్‌బైయెన్ బొగ్గుగనులకొఱకు 1906లో వెలసిన యూరు. భూమి గడ్డకట్టియుండుటచే ఇండ్లను గుంజలపై నిలిపిరి. గనులనుండి వచ్చువారు మసి యంటిన బూట్లను వాకిటనే విడుచు నాచారముండెను. చివరి నార్వే గని 2025లో మూతబడినను ఆచారము మాత్రము నిలిచినది. మేము దిగిన బసలోనికిని బూట్లు విప్పియే పోయితిమి. అంతదూరమున నీ మర్యాద కనబడగా మాకు పుట్టినింటికి వచ్చినట్లు తోచినది. ఇచట ప్రసవమునకు వలయు వసతులు లేనందున గర్భవతులు నెలలు నిండకముందే ప్రధానభూమికి పోవుదురు. అది మన పురిటి ప్రయాణమువంటి వేడుక కాదు, నిర్బంధము.

మా యోడ చిన్నది. తీరము చేరినప్పుడెల్ల రబ్బరు పడవలలో దిగుచుంటిమి. తుపాకి ధరించిన మార్గదర్శి ముందు నడచి ఎలుగులు లేవని చూచినపిదపనే మేము కాలు మోపవలెను. ఈ ద్వీపములకు ఆదివాసులు లేరు. పదునేడవ శతాబ్దమున తిమింగలముల వేటకు వచ్చినవారి సమాధులును, పిదప వచ్చిన వేటగాండ్ర గుడిసెలునే యిచటి ప్రాచీనచిహ్నములు. మొదటి దినమున వాల్రసులను చూచితిమి. ఇసుకపై నొకదానిపై నొకటి ఒరిగి పండుకొని, దంతములతో పొరుగుదానిని పొడుచుచు మరల నిద్రించుచుండెను. వాని వాసన చెప్పనలవి కాదు. ఒకప్పుడు వేటచే దాదాపు నశించిన యీ జంతువులకు 1952లో రక్షణ లభించినది. న్యూఆలెసుండ్‌లో 2008లో మన దేశము నెలకొల్పిన హిమాద్రి పరిశోధనాకేంద్రమును వెలుపలినుండి చూచి ముందునకు సాగితిమి.

గ్రాహుకెన్ అను భూశిరమున నొక చిన్న గుడిసె కలదు. క్రిస్టియానె రిట్టర్ అను ఆస్ట్రియా చిత్రకారిణి 1934లో భర్తను కలిసికొనుటకై వచ్చి, అతనితోను మఱియొక యువవేటగానితోను ఆ శీతకాలమంతయు నిందు గడపెను. మాసములకొలది సూర్యుడు కనబడడు. పురుషులు వేటకేగినపుడు ఆమె యొంటరిగా తుపానులను కాచికొనెను. 1938లో తన యనుభవములను గ్రంథముగా వెలువరించెను. మేము వాకిట నిలిచి లోనికి తొంగిచూచితిమి. మన వంటయింట సగముండునేమో! అందు ముగ్గురు మనుష్యులొక సంవత్సరము కలహింపక బ్రతికిరనుట మంచుకంటెను మాకాశ్చర్యముగా నుండెను.

హిన్లోపెన్ జలసంధిలోని పక్షులకొండ మరువరానిది. గిల్లెమాట్ పక్షులు సుమారు 60,000 జంటలు రాతి యరలలో భుజములు రాచుకొని నిలిచియుండును. గూడు లేదు, వట్టి రాతిపైననే యొక్క గుడ్డు. పిల్ల, రెక్కలు పూర్తిగ రాకమున్నే, అంతయెత్తునుండి సముద్రమునకు దుముకును. దానివెంట తండ్రిపక్షియే పోయి వారములకొలది పోషించునని మార్గదర్శి చెప్పగా ఓడలోని స్త్రీలందఱము భర్తలవైపు చూచితిమి. తెల్ల యెలుగును మాత్రము పిల్లతో గూడ మంచుపలకపై దూరదర్శినిలోనే చూచితిమి. 2025 నుండి ఈ కాలమున దానికి 300 మీటర్లకంటె సమీపమునకు పోరాదను చట్టము కలదు. అది మంచిదే.

తిరిగి వచ్చి విత్తనాగారమును చూడబోయితిమి. కొండనుండి ముందునకు పొడుచుకొనివచ్చిన సిమెంటు గోడ, ఒక తలుపు, అంతే. సందర్శకులకు లోని ప్రవేశము లేదు. 2008 ఫిబ్రవరిలో తెఱచిన యీ భాండాగారమున సున్నకు దిగువ 18 డిగ్రీల చలిలో విత్తనములుండును. ఇచ్చినవారే తిరిగి తీసికొనగలరు. సిరియా యుద్ధమున అలెప్పోలోని తమ విత్తనశాలకు దూరమైన శాస్త్రజ్ఞులు 2015లో ఇచటినుండి విత్తనములు తెచ్చుకొని మరల పెంచిరి. కాని మఱుసటి సంవత్సరమున అకాలపు వెచ్చదనముచే వర్షము కురిసి, సొరంగపు మొగసాలలోనికి నీరు వచ్చి గడ్డకట్టెను. విత్తనములకు హాని కలుగలేదు. పిదప సొరంగమును బాగుచేసిరి. ఐనను, ఏ చలిని నమ్మి దాచిరో యా చలియే సడలుచున్నదని తలంచి మేము కొంతసేపు మాటాడక నిలిచితిమి.

ఇంటికి వచ్చి ఫోటోలు చూపగా మా యత్తగారు, "తలుపు మాత్రమేనా చూచితిరి?" యనిరి. పిదప, తమ తల్లి జొన్నలలో బూడిదయు వేపాకును కలిపి బుట్టలో పోసి, పేడతో మూతి మెత్తి అటుకపై నుంచెడిదని చెప్పిరి. ఆ జొన్న పేరేమని యడిగితిమి. చాలసేపు జ్ఞాపకము చేసికొన యత్నించి, తమ చెల్లెలికి ఫోను చేయించిరి. ఆమెకును జ్ఞప్తికి రాలేదు.