ఎనిమిది అడుగులకి తొమ్మిది

అమలాపురం దగ్గర మా ఊళ్ళో ఇంటికి ప్రహరీ కట్టిద్దామన్నారు నాన్నగారు. "లెక్కలన్నీ నేను చూస్తా" అని హైదరాబాదులో కూర్చుని ఎక్సెల్ తెరిచాను. మనకి వచ్చిన విద్య అదొక్కటే కదా :-)

గోడ పొడవు 180 అడుగులు, ఎత్తు 5. అంటే 900 చదరపు అడుగులు, సుమారు 83.6 చదరపు మీటర్లు. కాంక్రీటు బ్లాకు సైజు 400×200×150 మిల్లీమీటర్లు. గోడలో ఒక్కోటి ఆక్రమించేది 0.08 చదరపు మీటర్లు. భాగిస్తే 1045. విరిగేవాటికి 5 శాతం కలిపి, 1100 కావాలని ఫోన్లో చెప్పాను.

మేస్త్రి విని, "అన్నెందుకండీ బాబూ? ఎనిమిది అడుగులకి తొమ్మిదేసుకోండి. వెయ్యీ పదీ చాలండి, ఆయ్" అన్నాడు.

కాయితం మీద వేసి చూశాను. 16 అంగుళాలకి 8 అంగుళాల బ్లాకు. అలాంటివి తొమ్మిదైతే సరిగ్గా ఎనిమిది చదరపు అడుగులు! మరి విరిగేవో? "సిమెంటు జాయింట్లలో మిగిలేవి వాటికి సరిపోతాయండి." నిజమే, 10 మిల్లీమీటర్ల జాయింటు కలిపితే దాదాపు 7 శాతం బ్లాకులు తగ్గుతాయి. నా షీటులో జాయింటన్న మాటే లేదు.

తొంభై బ్లాకులకి ఇంత చర్చెందుకు అనుకున్నాను, అవి దిగిన రోజు చూసేదాకా.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ మాకు అన్నం పెడుతున్నవి ఈ కాలువలే. మా కాలువ మీది పాత వంతెన మాత్రం లోడు లారీని మొయ్యదు. లారీలు అవతలే ఆగిపోయాయి. ట్రాక్టరు పిలిచాం.

అప్పుడు వేశాను బరువు లెక్క. బ్లాకు ఘనపరిమాణం 0.012 ఘనపు మీటర్లు, ఘనపు మీటరుకి 2100 కిలోల చొప్పున ఒక్కోటీ 25 కిలోలు. మొత్తం 25 టన్నుల పైమాట. ట్రాక్టరుకి 120 చొప్పున తొమ్మిది ట్రిప్పులు. లారీ నుంచి ట్రక్కులోకి ఓసారి, ట్రక్కు నుంచి మా వాకిట్లోకి ఓసారి. నలుగురు ఆడవాళ్ళు, ఇద్దరు మగవాళ్ళు, తలమీద చుట్టకుదురు, ఏప్రిల్ ఎండ. దిగుమతి కూలి మాట్లాడింది మాత్రం ఒక్కసారికే.

సాయంత్రం నేను పాత రేటే లెక్కపెడుతుంటే నాన్నగారు ఆపారు. "రెండోసారి ఎత్తిందానికి ఎవడిస్తాడ్రా?" అని డబ్బులు నా చేతిలోంచి తీసుకుని, ఇంకో సగం కలిపి ఇచ్చారు. నా 1100 మాట నెగ్గుంటే, ఇంకో రెండు టన్నుల పైచిలుకు వాళ్ళు ఊరికే మోసేవాళ్ళు.

మీరూ ఏదైనా కట్టిస్తుంటే, షీటులో ఎన్ని అన్న కాలమ్ పక్కన ఎంత బరువు, ఎన్నిసార్లు ఎత్తాలి అని ఇంకో రెండు పెట్టుకోండి. కూలి మాట్లాడేది ఆ తర్వాతే.