ఒక్క చిన్న గడి

'రీడింగులు వండటం' అనే విద్య ఏ సిలబస్‌లోనూ ఉండదు. అయినా అందరికీ వచ్చేస్తుంది. ఫస్టియర్‌లో నాకూ వచ్చింది.

ఫిజిక్స్ ల్యాబులో సింపుల్ పెండ్యులం. దారం పొడవు మారుస్తూ, ఇరవై డోలనాలకి పట్టే టైము చూసి జీ విలువ కట్టాలి. మా టేబుల్‌లో 30 సెంటీమీటర్లకి 9.48 వచ్చింది, 110కి 9.71. సగటు 9.63. పుస్తకంలో 9.8 ఉందాయె!

"టైములు కాస్త తగ్గిద్దాం రా, సరిపోద్ది" అన్నాను.

"ఉండరా, ముందు గ్రాఫ్ గీద్దాం" అన్నాడు నా ల్యాబ్ పార్ట్‌నర్.

అడ్డంగా పొడవు, నిలువుగా టైమ్ పీరియడ్ వర్గం. పాయింట్లన్నీ బుద్ధిగా ఒకే గీత మీదకొచ్చాయి. కానీ గీతని వెనక్కి పొడిగిస్తే సున్నాకి ఒక చిన్న గడి ఎడమకి పోయింది. ఒక్క గడేగా, ఎవరు చూస్తారు? స్కేలు జరిపి సున్నాలోంచే గీసేశాను.

మేడమ్ చూశారు. "కింది పాయింట్లు గీతకి పైన ఉన్నాయేంటి? దారం ఎక్కడిదాకా కొలిచారు?"

"గుండు పైభాగం దాకా మేడమ్."

"గుండు మధ్య దాకా కొలవాలి కదా! వెర్నియర్‌తో వ్యాసం చూడండి."

రెండు సెంటీమీటర్లు. అంటే వ్యాసార్ధం ఒకటి. మా స్కేలులో ఒక సెంటీమీటరంటే సరిగ్గా ఒక చిన్న గడి!

అసలు గీత వాలు నుంచి లెక్క కడితే 9.8 వచ్చింది. ప్రతి పొడవులోనూ అదే తప్పు కాబట్టి గీత పక్కకి జరిగిందే గాని వాలు మారలేదు. టేబుల్ కూడా ఆ మాటే చెప్పింది: ఒక సెంటీమీటరు తప్పు 30లో పెద్దది, 110లో చిన్నది. అందుకే జీ పెరుగుతూ పోయింది. నేను సగటు మాత్రమే చూశాను.

తర్వాత స్టాటిస్టిక్స్‌లో ఆన్‌స్కోంబ్ 1973లో ఇచ్చిన నాలుగు టేబుళ్లు చూశాను. ఒక్కోదాంట్లో 11 పాయింట్లు. నాలుగింటికీ సగటులు దాదాపు ఒకటే, గీత సమీకరణమూ ఒకటే. గ్రాఫ్ గీస్తే మాత్రం ఒకటి వంపు తిరుగుతుంది, ఇంకోదాంట్లో ఒక్క పాయింటే గీతనంతా లాగేస్తుంది.

ఇప్పుడు జూనియర్లు అడిగితే చెప్పేది ఇంతే. టేబుల్ తలకట్టులోనే యూనిట్లు రాయండి. గ్రాఫ్ మూలన స్కేలు రాయండి. పాయింటు చుట్టూ చిన్న సున్నా చుట్టండి. గీతకి దూరంగా పడ్డ పాయింటుని చెరపకముందు, అదెందుకు అక్కడుందో అడగండి.

ఆ రికార్డు ఇంకా నా దగ్గరుంది. చెరిపేసిన నా దొంగ గీత లీలగా కనిపిస్తూనే ఉంటుంది.