నిద్రకు కవల సోదరుడు

గ్రీకు పురాణాలలో నిద్రకు ఒక దేవుడున్నాడు. పేరు హిప్నోస్. రాత్రిదేవత నిక్స్ కొడుకు. మృత్యువైన థానటోస్ అతనికి కవల సోదరుడు. ఇలియడ్‌లో హేరా కోరికపై అతడు సాక్షాత్తు జ్యూస్‌నే నిద్రపుచ్చుతాడు. యుద్ధంలో కూలిన సార్పెడాన్ దేహాన్ని ఆ అన్నదమ్ములిద్దరూ కలిసి అతని స్వదేశానికి మోసుకుపోతారు.

మనకు నిద్ర స్త్రీ. దేవీమాహాత్మ్యంలో విష్ణువు కన్నులలో కొలువున్న యోగనిద్ర ఆమె. బ్రహ్మ స్తుతించి ఆమెను తొలగమంటే గాని మధుకైటభుల వధ సాగలేదు. తెలుగు స్త్రీల పాటలలో ఆమె మరింత దగ్గరి మనిషి. వనవాసంలో తనను సమీపించిన నిద్రాదేవిని, పద్నాలుగేళ్లపాటు ఊర్మిళ వద్ద ఉండమంటాడు లక్ష్మణుడు. వాల్మీకంలో లేని ఈ కథను 'ఊర్మిళాదేవి నిద్ర' పాట ఇంటింటా నిలిపింది. మా నాయనమ్మ మిరపకాయల తొడిమలు తీస్తూ పాడుకునేది. ఒకరి నిద్రను ఇంకొకరు ఎలా పోతారన్నది నా చిన్ననాటి సందేహం.

1997-98లో జవాబు దొరికింది. అప్పటి ప్రకాశం జిల్లా పర్చూరు ప్రాంతపు నల్లరేగడిలో మాది కౌలు సేద్యం. ఆ ఏడు వరంగల్లు నుంచి గుంటూరు దాకా పత్తి పురుగు పాలయింది. ఎన్నిసార్లు మందు కొట్టినా పురుగు చావలేదు. అప్పు మాత్రం పెరిగింది. పత్రికల నిండా పత్తి రైతుల ఆత్మహత్యలే. నాన్న మాట్లాడటం తగ్గించాడు.

ఒక రాత్రి మెలకువ వచ్చి చూస్తే అమ్మ గడపకు అడ్డంగా కూర్చుని ఉంది. మిగిలిన పురుగుమందు డబ్బా ఆమె వెనుక, పాతచీరలో చుట్టి ఉంది.

"ఏంటమ్మా?"

"ఏం లేదురా, పడుకో. నా నిద్ర కూడా నువ్వే పో."

పోయాను. తెల్లవారేసరికి డబ్బా ఇంట్లో లేదు. అమ్మ మాత్రం ఎండాకాలం దాకా ఆ గడప విడవలేదు.

నాన్న మిగిలాడు. అప్పు తీరడానికి ఎనిమిదేళ్లు పట్టింది.

తరువాతెప్పుడో హిప్నోస్ కవల సోదరుని గురించి చదివినప్పుడు నాకు మా గడపే గుర్తుకు వచ్చింది. ఒక సోదరుణ్ణి లోనికి రానీయకుండా ఉండటానికి, రెండోవాణ్ణి కూడా వెళ్లగొట్టింది అమ్మ.

పాటలో గడువు తీరాక ఊర్మిళ మేల్కొంటుంది. మా ఇంట్లో ఆ గడువు తీరలేదు. ఇప్పటికీ రెండోజాముకు అమ్మకు మెలకువ వస్తుంది. లేచి, నాన్న మంచం వైపు ఒకసారి చూసి, మళ్లీ నడుం వాలుస్తుంది. ఆనాడు తీసుకున్న నిద్రను ఆమెకు ఎలా తిరిగి ఇవ్వాలో నాకు తెలియడం లేదు.