చుక్కల లెక్క

ఆకాశాన్ని చూడటం తొలినాళ్లలో మనిషికి వేడుక కాదు, అవసరం. ఎప్పుడు విత్తాలో, ఎప్పుడు కోయాలో, రాత్రివేళ ఏ దిక్కుగా నడవాలో తెలిపే పంచాంగం, గడియారం, దిక్సూచి అన్నీ ఆకాశమే. తెలుగు రైతు నేటికీ కార్తెల పేరుతో ఎండను, వానను లెక్కిస్తాడు. 27 నక్షత్రాలలో ఒక్కొక్క దానిని దాటడానికి సూర్యునికి పట్టే పదమూడు, పద్నాలుగు రోజుల కాలమే ఒక కార్తె. ఇందులో ఒక విచిత్రం ఉంది. సూర్యుడు ఏ నక్షత్రంతో కలిసి ఉంటాడో, ఆ నక్షత్రం ఆ రోజులలో కంటికి కనిపించదు. రోళ్లు పగులుతాయని పేరుపడ్డ రోహిణీకార్తెలో రోహిణి సూర్యకాంతిలో మునిగిపోయి ఉంటుంది. పూర్వులు దానిని కంటితో కాక లెక్కతో చూశారు.

కనిపించని దానిని లెక్కతో చూపే ఆ పనినే ఈనాడు కంప్యూటరు చేస్తున్నది. స్టెల్లేరియం, కేస్టార్స్, కార్త్ దు సియెల్ వంటి సాఫ్ట్‌వేర్లు ఎవరికైనా ఉచితంగా లభిస్తాయి. రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలోని ఒక విద్యార్థి తన ఊరి అక్షాంశం 17 డిగ్రీల ఉత్తరమనీ, రేఖాంశం 78 డిగ్రీలకు పైచిలుకు తూర్పనీ నమోదు చేస్తే చాలు, ఆ ఊరి ఆకాశం తెరమీద పరచుకుంటుంది. ధ్రువ నక్షత్రం ఉత్తర దిక్కున 17 డిగ్రీల ఎత్తులో నిలుస్తుంది. శీతకాలపు రాత్రులలో అగస్త్య నక్షత్రం దక్షిణ దిక్కున 20 డిగ్రీల ఎత్తుదాకా వచ్చి వాలిపోతుంది. జూన్ ఒకటో తేదీ మధ్యాహ్నాన్ని ఎంచుకొని, వాతావరణాన్ని తొలగించమని ఆదేశిస్తే పగటి నీలిరంగు మాయమవుతుంది. సూర్యునికి కొద్దిగా దక్షిణంగా రోహిణి ఎర్రగా మెరుస్తూ దర్శనమిస్తుంది. పంచాంగంలోని మాట తెరమీద బొమ్మగా మారుతుంది.

అయితే ఆ తెరమీది చుక్కలు ఎక్కడి నుండి వచ్చాయి? కంప్యూటరు ఏనాడూ ఆకాశాన్ని చూడలేదు. దాని వద్ద ఉన్నది ఒక పట్టిక మాత్రమే. ప్రతి నక్షత్రం ఎక్కడ ఉందో, ఎంత కాంతితో ఉందో, ఏటేటా ఎటు ఎంత జరుగుతున్నదో ఆ పట్టికలో రాసి ఉంటుంది. భూభ్రమణాన్ని, సుమారు 26,000 సంవత్సరాలకు ఒకమారు తిరిగే భూమి అక్షపు చలనాన్ని, గాలిపొరలలో కాంతి పొందే వంపును లెక్కకట్టి, కంప్యూటరు ఆ చుక్కలను తెరమీద ఉంచుతుంది. ఈ లెక్కకు కావలసిన సూత్రాలు కొన్ని పుటలలో ఇముడుతాయి. పట్టికను తయారు చేయడానికి మాత్రం తరాలు పట్టింది.

కార్త్ దు సియెల్ అనే ఫ్రెంచి మాటకు ఆకాశ పటమని అర్థం. ఈ పేరు సాఫ్ట్‌వేరు కంటే ఎంతో పాతది. 1887లో పారిస్ నగరంలో వివిధ దేశాల ఖగోళ శాస్త్రజ్ఞులు సమావేశమై, ఆకాశమంతటినీ ఛాయాచిత్రాలుగా తీసి నక్షత్రాల స్థానాలను కొలవాలని నిశ్చయించారు. పారిస్ వేధశాల అధిపతి ఎర్నెస్ట్ మూషే ఈ సంకల్పానికి సారథి. ఒక దేశానికి సాధ్యమయ్యే పని కాదు కనుక ఆకాశాన్ని పట్టీలుగా విభజించి, ఒక్కొక్క పట్టీని ఒక్కొక్క వేధశాలకు అప్పగించారు. సుమారు ఇరవై వేధశాలలు ఈ బాధ్యతను పంచుకున్నాయి. ఆ వరుసలో హైదరాబాదు కూడా ఉంది.

హైదరాబాదులో నవాబ్ జాఫర్ జంగ్ అనే ప్రభువు ఖగోళశాస్త్రం మీద మక్కువతో 1901లో ఫిసల్‌బండలో సొంతంగా ఒక వేధశాలను నెలకొల్పాడు. అదే నిజామియా వేధశాల. ఆయన మరణానంతరం 1908లో నిజాం ప్రభుత్వం దానిని స్వీకరించింది. తరువాత అది బేగంపేటకు తరలింది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అనుబంధమైంది. చిలీ దేశంలోని శాంటియాగో వేధశాల పూర్తి చేయలేకపోయిన పట్టీని హైదరాబాదు తన భుజాల మీదికి ఎత్తుకున్నది. ఖగోళ మధ్యరేఖకు దక్షిణాన 17 నుండి 23 డిగ్రీల వరకు ఉన్న పట్టీ అది. తరువాత ఉత్తరాన 36 నుండి 39 డిగ్రీల వరకు ఉన్న మరొక పట్టీని కూడా చేపట్టింది.

ఆ పని ఎంత ఓర్పుతో కూడినదో ఊహించవచ్చు. ఎనిమిది అంగుళాల కటకం గల దూరదర్శినితో గాజుపలకల మీద ఆకాశాన్ని చిత్రించాలి. ఒక పలకలో ఇమిడేది రెండు డిగ్రీల పొడవు, రెండు డిగ్రీల వెడల్పు గల ముక్క మాత్రమే. ప్రతి పలక మీద సన్నని గళ్లగీతలు ముద్రించి ఉంటాయి. పగటిపూట సిబ్బంది ఆ పలకను సూక్ష్మదర్శిని కింద ఉంచి, ప్రతి చుక్క ఏ గడిలో ఎంత దూరాన ఉన్నదో కొలిచి పుస్తకంలో ఎక్కించాలి. అంకెలన్నిటినీ చేతితో లెక్కకట్టాలి. చాట్‌వుడ్, పోకాక్, టి.పి. భాస్కరన్ ఒకరి తరువాత ఒకరుగా ఈ కార్యాన్ని నడిపించారు. 1914లో ఆరంభమైన చిత్రీకరణ 1938 దాకా సాగింది. నాలుగు లక్షలకు పైబడిన నక్షత్రాలు హైదరాబాదు సంపుటాలలోకి చేరాయి. సంపుటాల మీద అధిపతుల పేర్లు ఉంటాయి. పలకల మీద కళ్లు కాయలు కాచేలా వంగి పనిచేసినవారి పేర్లను ఎరిగినవారు ఈనాడు అరుదు.

అన్ని దేశాల సంపుటాలూ అచ్చయ్యేసరికి 1964 వచ్చింది. అప్పటికి శాస్త్రం ముందుకు సాగిపోయింది. ఇంతటి శ్రమా వ్యర్థమైందని కొందరు చింతించారు. కాని కాలం వేరొక తీర్పు చెప్పింది. 1989లో యూరప్ అంతరిక్ష సంస్థ హిప్పార్కస్ అనే ఉపగ్రహాన్ని పంపింది. అది నక్షత్రాల నేటి స్థానాలను ఎంతో కచ్చితంగా కొలిచింది. అయితే ఒక నక్షత్రం ఎటు కదులుతున్నదో తెలియాలంటే నేటి స్థానం ఒక్కటే చాలదు, నాటి స్థానం కూడా కావాలి. నాటి స్థానాలు ఆ పాత సంపుటాలలోనే ఉన్నాయి. రెండింటినీ పోల్చి 2000 సంవత్సరంలో టైకో-2 అనే పట్టికను వెలువరించారు. అందులో 25 లక్షల నక్షత్రాలు ఉన్నాయి. ఆకాశ దర్శన సాఫ్ట్‌వేర్లు విరివిగా ఉపయోగించిన పట్టికలలో అది ఒకటి. ఆ విధంగా హైదరాబాదులో కొలిచిన చుక్కల లెక్క ప్రపంచంలోని కంప్యూటర్లలోకి చేరింది. తాతలు చెరువు తవ్విస్తే మనుమలు పొలం పండించుకున్నట్లు, ఒక తరం కొలతను మరొక తరం అనుభవిస్తున్నది.

సాఫ్ట్‌వేర్ చేసే పని పటం చూపడంతో ఆగదు. దూరదర్శినికి మోటార్లు అమర్చి, తీగతో కంప్యూటరుకు కలిపితే, తెరమీద ఏ చుక్కను ఎంచుకుంటే దూరదర్శిని దానివైపే తిరుగుతుంది. ముందుగా పరిచితమైన రెండు మూడు నక్షత్రాలను చూపి దానికి దిక్కులు నేర్పాలి. ఆ తరువాత అది భూభ్రమణానికి ఎదురుగా గంటకు 15 డిగ్రీల చొప్పున మెల్లగా తిరుగుతూ, ఎంచుకున్న నక్షత్రాన్ని వదలక అనుసరిస్తుంది. గడియారంలో నాలుగు నిమిషాల తప్పు ఉంటే ఆకాశంలో ఒక డిగ్రీ తప్పు వస్తుంది. అది పున్నమి చంద్రుని వెడల్పుకు రెండింతలు. ఈ తప్పును సరిదిద్దే ఉపాయం కూడా సాఫ్ట్‌వేరులోనే ఉంది. దూరదర్శినికి అమర్చిన కెమెరా ఒక చిత్రం తీస్తుంది. అందులోని చుక్కల అమరికను కంప్యూటరు పట్టికతో పోల్చి, దూరదర్శిని సరిగ్గా ఎటు చూస్తున్నదో కొద్ది క్షణాలలో తేల్చివేస్తుంది. నాడు హైదరాబాదు సిబ్బంది చిత్రం నుండి పట్టికను తయారుచేశారు. నేడు యంత్రం పట్టిక నుండి చిత్రాన్ని గుర్తిస్తున్నది.

హైదరాబాదు నగరం పెరిగి, దీపాల వెలుగులు ఎక్కువైనప్పుడు బేగంపేట వేధశాల చూపు మందగించింది. అప్పుడు అధిపతిగా ఉన్న అక్బర్ అలీ పెద్ద దూరదర్శిని కోసం పాటుపడ్డారు. దానికి చీకటి ఆకాశం కావలసి వచ్చింది. చీకటిని వెతుక్కుంటూ ఖగోళ శాస్త్రజ్ఞులు ఇబ్రహీంపట్నం ప్రాంతానికి వచ్చారు. జాపాల, రంగాపూర్ గ్రామాల మధ్య మెట్టభూమిలో 1968లో 48 అంగుళాల దూరదర్శిని వెలసింది. దేశంలోని పెద్ద దూరదర్శినులలో అది ఒకటిగా నిలిచింది. కె.డి. అభ్యంకర్ వంటి ఆచార్యుల మార్గదర్శకత్వంలో ఉస్మానియా విద్యార్థులు అక్కడ జంట నక్షత్రాల కాంతిలోని హెచ్చుతగ్గులను రాత్రుల తరబడి కొలిచారు.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ ఈ ప్రాంతం మీదుగా సాగిపోయింది. రంగాపూర్‌లో శాస్త్రజ్ఞులు పరికరాలతో ఆకాశం వైపు చూస్తుండగా, హైదరాబాదులో ఎందరో తలుపులు మూసుకొని ఇళ్లలో కూర్చున్నారు. వీధులు నిర్మానుష్యమయ్యాయి. నాడు భయంతో చూడనివారు నేడు ఆ దృశ్యాన్ని సాఫ్ట్‌వేరులో చూడవచ్చు. కాలాన్ని వెనుకకు తిప్పి ఆనాటి మధ్యాహ్నం మూడున్నర దాటిన వేళకు చేరితే, చంద్రుడు సూర్యుని కప్పివేస్తాడు. పగలు చీకటవుతుంది. బుధ శుక్రులు బయటపడతారు. అయితే ఆ క్షణాన వీచే చల్లగాలిని, గూళ్లకు మరలే పక్షుల కలకలాన్ని, మనిషి ఒంటిమీది గగుర్పాటును తెర చూపలేదు.

ఈనాడు ఇబ్రహీంపట్నం ఒకనాటి మారుమూల ప్రాంతం కాదు. కళాశాలలు, పరిశ్రమలు, విశాలమైన రహదారులు వచ్చాయి. వాటితోపాటు దీపాలూ వచ్చాయి. బేగంపేటను వెలుగు తరిమితే రంగాపూర్ చేరిన ఖగోళశాస్త్రాన్ని ఆ వెలుగే మళ్లీ వెంబడించింది. లుబ్ధక నక్షత్రానికి నాలుగు డిగ్రీల దక్షిణాన ఒక నక్షత్ర గుచ్ఛం ఉంది. దానిని శాస్త్రజ్ఞులు ఎం 41 అంటారు. అది నాడు హైదరాబాదు కొలిచిన పట్టీలోనే ఉంది. నిజమైన చీకటిలో అది వట్టి కంటికే మసకమచ్చలా కనిపిస్తుంది. నగరకాంతిలో కంటికి దొరకదు. సాఫ్ట్‌వేరులో కాంతి కాలుష్యాన్ని తగ్గించే మీట ఒకటి ఉంటుంది. దానిని జరిపితే వేల చుక్కలు తిరిగి వస్తాయి. ఊరి ఆకాశానికి అటువంటి మీట లేదు.

అభివృద్ధిని వద్దనడం ఎవరి కోరికా కాదు. రహదారికి దీపం కావాలి, చదువుకు దీపం కావాలి. కాని దీపం వెలిగేది నేలను చూపడానికే తప్ప ఆకాశాన్ని కప్పడానికి కాదు. వీధిదీపానికి పైన మూత ఉంచి కాంతిని కిందికి మళ్లిస్తే నడిచేవారికి వెలుగు దక్కుతుంది, విద్యుత్తు మిగులుతుంది, నక్షత్రాలూ నిలుస్తాయి. అవసరం తీరిన వేళ దీపాన్ని ఆర్పడం ఏ ఖర్చూ లేని పని.

సాఫ్ట్‌వేర్ గొప్ప సాధనమనడంలో సందేహం లేదు. ఎక్కడ చూడాలో అది చెబుతుంది. చూడవలసింది మాత్రం మనిషే. తెరమీది పటం పూర్వతరాల వారు చీకటిలో మేల్కొని సంపాదించిన ఆస్తి. ఆ ఆస్తిని లెక్కపెట్టుకోవడంతో తృప్తిపడితే కొత్త సంపాదన ఆగిపోతుంది. నూరేళ్ల తరువాతి వారు పోల్చి చూసుకోవడానికి నేటి కొలతలు కావాలి. ఆ కొలతలకు చీకటి కావాలి. రాబోయే తరానికి ఇవ్వవలసిన కానుకలలో వెలుగుతో పాటు కొంత చీకటి కూడా ఉండాలి.