మిత్రుని వరండా

ఉద్యోగము విడిచినవానికి ప్రొద్దు గడవదని లోకులందురు. మా మిత్రుడు జీవించియున్నంతకాలము మాకట్టి బాధ తెలియలేదు. మేమిరువురమును రాజమహేంద్రవరములో నొక్క పాఠశాలయందే పనిచేసితిమి; ఆయన గణితము, మేము తెలుగు. 2014లో ప్రభుత్వమువారు విరమణవయస్సును 58 నుండి 60 ఏండ్లకు బెంచినప్పుడు, రెండేండ్ల జీతముకంటె రెండేండ్ల సహవాసము దక్కినందులకే మేము సంతోషించితిమి. జీతమువలన సంతోషము కలుగలేదని మాత్రము అబద్ధమాడము.

విరమణానంతరము మా దినచర్య యిది. తెల్లవారుజామున గోదావరిగట్టుమీద నడక. 1900లో తెరువబడి 1997లో రైళ్లు మానిన పాత హేవలాక్ వంతెన బాగుగ గనబడుచోట కొంతసేపు నిలుచుట. ఆయన ప్రతిదినమును దాని స్తంభములు లెక్కపెట్టెడివాడు. లెక్క యెన్నడును ఒక్కటిగా రాలేదు, గణితోపాధ్యాయునకు! అటనుండి ఆయన యింటి వరండాకు. రెండు పేము కుర్చీలు, రెండు గ్లాసుల కాఫీ, ఒక పత్రిక. పత్రికలో నడిమి కాగితము ముందు ఆయనది, తరువాత మాది.

పింఛనుదారుడు తాను జీవించియున్నట్లు ఏటేట రుజువు చూపవలెను గదా. 2014లో వచ్చిన జీవన ప్రమాణ పద్ధతిచొప్పున యంత్రముపై వ్రేలు మోపిన జాలును. సుద్దముక్కలతో నరిగిపోయిన ఆయన బొటనవ్రేలిని ఆ యంత్రము గుర్తింపకుండెడిది. “చూచితిరా మాష్టారూ, నేను లేనని శాస్త్రప్రకారము రుజువైనది” అని నవ్వెడివాడు. 2023 వేసవిలో యంత్రముతో పనిలేకయే ఆ మాట నిజమైనది.

తరువాతి దినములనుగూర్చి వ్రాయుట కష్టము; వానిలో వ్రాయదగినదేమియు లేదు. గట్టుమీదికి బోయి, వంతెనవరకు నడువకయే మరలుచుంటిమి. పత్రికను మా యింటికే వేయించుకొంటిమి. కాగితములన్నియు మావే యగుటచే దేనిని చదువుటకును బుద్ధి పుట్టలేదు. పరిచితులు వీథిలో గనబడి “ఒంటరివారైతిరే” యన్నప్పుడు, దుఃఖముతోబాటు లోలోన నొకవిధమైన గౌరవముగూడ తోచుచుండెను. అందరికంటె నష్టపోయినవారము మేమే యని తలచితిమి. ఆ వరండావెనుక నొక యిల్లున్నదని నాలుగు నెలలవరకు మాకు తట్టలేదు.

ఒకనాడు మా యింటియామె “వారి పింఛను కాగితములింకను కదలలేదట. మీరు వెళ్లరేమి?” అని యడిగెను. వెళ్లకుండుటకు కారణమున్నది.

2022 మేనెలలో, మహారాష్ట్రమున కొల్హాపురము జిల్లాలోని హేర్వాడ గ్రామపంచాయతివారు, భర్త పోయిన స్త్రీకి గాజులు పగులగొట్టుట, బొట్టు చెరపుట, మంగళసూత్రము తీయుట మొదలైన యాచారములను మానవలెనని తీర్మానించిరి. ఆ రాష్ట్రప్రభుత్వమువారును తక్కిన పంచాయతులు దాని ననుసరింపవలెనని కోరిరి. ఆ వార్తను వరండాలో బిగ్గరగా చదివినవారము మేమే. 1881లో వీరేశలింగముగారు మొదటి వితంతువివాహము జరిపించిన యూరిలో నుండి, మనమింత యాలస్యముగా మఱియొక యూరిని జూచి నేర్చుకొనవలసివచ్చెనే యని యిరువురమును మిక్కిలి యావేశపడితిమి. ఆ యావేశములో కాఫీ చల్లారిపోగా మరల కాచి తెమ్మని లోపలికి కేకవేసితిమి.

మరుసటి సంవత్సరము, పదియవనాడు, బంధువులామెను పీటపై గూర్చుండబెట్టినప్పుడు మేమేమి చేసితిమి? షామియానావానితో కుర్చీల లెక్క మాటలాడుచు వీథిలో నిలుచుంటిమి. పరుల యింటి వ్యవహారమనుకొంటిమి. దుఃఖసమయమున వాదము తగదనుకొంటిమి. లోపలినుండి గాజుల చప్పుడు వినవచ్చెను. కుర్చీలు సరిగా 40 ఉండెను.

ఆమెయే కాదనవచ్చును గదా యని చదువరులలో నొకరైన ననవచ్చును. చుట్టును బంధువులు మూగియుండగా, భర్త పోయిన పదియవనాడు, ఆ మాట ఆమె నోటనే రావలెనని కోరుట మావంటివారికి మిక్కిలి సులభము.

తుదకు మా యింటియామెను వెంటబెట్టుకొని వెళ్లితిమి. 30 ఏండ్లుగా నెరిగిన యింటిలో నడిమిగదిని జూచుట మాకదే మొదలు. మరణధ్రువపత్రము, పింఛను మంజూరుపత్రము, బ్యాంకుపుస్తకము వెదకిపెట్టవలసినవారము మేమే యనుకొని కండ్లజోడు తుడుచుకొంటిమి. అవన్నియు నొక సంచిలో వరుసగా నుండెను. కుటుంబపింఛను దరఖాస్తుగూడ ముత్యములవంటి యక్షరములతో నింపబడియుండెను.

“మరి యింతకాలమేల యూరకుంటివమ్మా?” అని యడిగితిమి.

“సంవత్సరీకము కానిదే గడప దాటరాదని మా ఆడబిడ్డ యన్నది. తోడు వచ్చువారును లేకపోయిరి.” కొంచెమాగి, “హేర్వాడ సంగతి మీరు చదివిననాడు నేను తలుపువెనుక చిక్కుడుకాయలకు ఈనెలు తీయుచుంటిని, అన్నయ్యగారూ. పదియవనాడు మీరు లోపలికి వత్తురేమో యని చూచితిని” అనెను.

కోపముతో ననలేదు. కోపముతో ననియున్నచో మాకేదో యొక సమాధానము దొరకియుండెడిది. మా యింటియామె మావైపు చూడక గ్లాసులు తీసికొని లోపలికి బోయెను.

మరునాడే మువ్వురమును కార్యాలయమునకు బోయితిమి. వీథివారు తలుపులలో నిలిచి చూచిరి, చూడనిమ్మంటిమి. ఆ ధైర్యమునకు పెద్ద వెల యేమియు లేదని మాకు తెలియును. మూడవనెలలో పింఛను వచ్చినది.

నేటికిని బుధవారమునాడు మేమిద్దరమును ఆ వరండాకు వెళ్లుదుము. కుర్చీలు చాలక మూడవది కొనవలసివచ్చెను. పత్రికలో నడిమి కాగితము ముందు ఆమె తీసికొనును, మేమడుగుటకు లేదు. వంతెన స్తంభముల తగవు ఆమెకంతయు తెలియును. లెక్క యెచ్చట తప్పెడిదో కూడ చెప్పినది: సగమైనతరువాత మేమేదో యొక మాట యెత్తెడివారమట, ఆయన మర్యాదకు మాకు బదులుచెప్పి యంకె మరచెడివారట. ఇంటికివచ్చి ఆమెతో చెప్పుకొని నవ్వెడివారట. మాకీ సంగతి తెలియదు.

ఆమె బొట్టు పెట్టుకొనలేదు. మా యింటియామె యొకమారు కుంకుమభరిణె తీసికొని వెళ్లెను. ఆమె దానిని తెరవలేదు, తిరిగియు నీయలేదు. వరండా కిటికీలో, ఆయన కండ్లజోడు ప్రక్కన నున్నది.